స్పందించని పీరు

సోమవారం ఉదయం విశ్వవిద్యాలయ ఉపకులపతి ఆచార్య త్రివిక్రమరావు గారు పరమపదించారు. ఆ సమయానికి ఆయన తన బంగళా వరండాలో కూర్చుని పెసరట్టు తింటున్నారు.

సంగతి ఆయనకి తెలియదు. రెండో పెసరట్టు కూడా తిని, కాఫీ తాగి, గేటు దాకా వస్తే కారు లేదు. డ్రైవరుకి ఫోన్ చేశారు.

"కారు రాదండీ," అన్నాడు డ్రైవరు. "చనిపోయినోళ్ళకి ఆఫీసు కారు పంపకూడదని ఇప్పుడే చెప్పారండి. అమ్మగారు ఎలా ఉన్నారండీ?"

"ఎవర్రా చనిపోయింది?"

"తవరేనండి."

ఈలోగా లోపలి గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. ఉపకులపతి భార్య ఎత్తారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వాళ్ళు. కారుణ్య నియామకం కోసం అబ్బాయి టెన్త్ మార్కుల లిస్టు నకలు పంపమంటున్నారు.

ఇదంతా కృపారాణి వల్లే వచ్చిందని విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది అన్యాయం. ఆ అమ్మాయి అడిగింది ఒకే ఒక్క సంతకం.

కృపారాణి కంప్యూటర్ సైన్సు విభాగంలో పరిశోధక విద్యార్థిని. పీర్ టు పీర్ నెట్‌వర్కుల్లో సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు ఎలా మసలుకోవాలన్నది ఆమె అంశం. మామూలు మాటల్లో చెప్పాలంటే, మధ్యలో ఒక పెద్ద కంప్యూటర్ కూర్చుని పెత్తనం చేయదు. చిన్న కంప్యూటర్లన్నీ సమాన హోదాలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుని పని నడుపుకుంటాయి. అలాంటి ఒక్కో కంప్యూటర్ ఒక్కో పీరు. అందులో యజమాని తరఫున మాట్లాడే ప్రోగ్రాము ఏజెంటు.

చిక్కులు రిజిస్ట్రేషన్ నాడే మొదలయ్యాయి. అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంట్ వీర్రాజు ఆమె దరఖాస్తు మీద, "పీర్ల పండుగకు సంబంధించిన అంశము కావున చరిత్ర విభాగమునకు పంపవచ్చును" అని రాశాడు. చరిత్ర విభాగం వాళ్ళు ఏజెంట్ల ప్రస్తావన చూసి, ఇది ఇన్సూరెన్సు వ్యవహారమని కామర్సుకి పంపారు. కామర్సు వాళ్ళు భద్రతాధికారికి పంపారు. ఆయన "ప్రాంగణములోనికి ఏజెంట్లకు ప్రవేశము నిషిద్ధము" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. అవన్నీ దాటుకుని కృపారాణి థీసిస్ రాసింది. గైడు ప్రొఫెసర్ అవధాని గారు ఆమోదించారు. వైవా కూడా గట్టెక్కింది.

ఆ వైవాలోనే అసలు ప్రమాదం జరిగింది. ఆ రోజు ఉపకులపతి గారి గదిలో ఏసీ పాడైంది. చల్లగా ఉందని ఆయన సెమినార్ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. కళ్ళు మూసుకుని వింటున్నవారు కాస్తా ఒక చోట తెరిచారు.

"అంటే, దీంట్లో హెడ్డు ఎవరూ ఉండరా అమ్మా?"

"ఉండరండి."

"మరి తప్పు జరిగితే ఎవర్ని అడుగుతారు?"

"ఒక్కళ్ళని పట్టుకుని అడగడం కుదరదండి. బాధ్యత అందరి మీదా ఉంటుంది."

"అందరి మీదా అంటే?"

కృపారాణి కాస్త ఆలోచించింది. "ఫలానా వాళ్ళ మీద అని ఉండదండి."

త్రివిక్రమరావు గారు కుర్చీలో ముందుకి జరిగారు. అప్పటికి ఆయన మీద కోర్టు ధిక్కారం కేసులు మూడు నడుస్తున్నాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు?"

"ఇక్కడే ఉన్నానండి. రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతూ ఉండిపోయాను."

ఆ వారమే ఉపకులపతి విలేకరుల సమావేశం పెట్టి, దేశంలోనే తొలి పీర్ టు పీర్ విశ్వవిద్యాలయం తమదేనని ప్రకటించారు. ఇకమీదట ఇక్కడ పెద్దా చిన్నా లేదు. ఉపకులపతి ఒక పీరు, రిజిస్ట్రారు ఒక పీరు, హాస్టల్ వార్డెను ఒక పీరు. ప్రతి అధికారి కంప్యూటర్‌లోనూ ఒక ఏజెంటు కూర్చుంటుంది. ఆ అధికారి పనిచేసే తీరును నెలపాటు గమనించి నేర్చుకుంటుంది. తరవాత అచ్చం ఆయనలాగే పనిచేస్తుంది.

"మా అధికారుల అనుభవం ఇక వృథా పోదు," అన్నారు త్రివిక్రమరావు గారు. "అది శాశ్వతమవుతుంది."

ఏజెంట్లను ఎక్కించే పని కృపారాణికే అప్పజెప్పారు. సర్టిఫికెట్ మీద రిజిస్ట్రారు సంతకం ఎలాగూ రావాలి కదా అని ఆమె ఒప్పుకుంది. ఉత్తర్వు రాసే పని వీర్రాజుది. ఆయన ఆమెను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఈ పీర్లు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటాయన్నావు. ఏమని?"

"ఉన్నారా అనండి. ఉంటే ఉన్నానని జవాబొస్తుంది."

"పలక్కపోతే?"

"మూడుసార్లు పిలిచి చూస్తాయండి. అయినా పలక్కపోతే డెడ్ అని రాసుకుంటాయి. దాని పని బతికున్న పీరుకి వెళ్తుంది."

వీర్రాజు కళ్ళజోడు సవరించుకుని రాశాడు: "ముమ్మారు పిలిచినను స్పందించని పీరును మృతునిగా పరిగణించి, తదనుగుణమైన చర్యలను సంబంధిత సెక్షన్లు తక్షణమే చేపట్టవలెను. మృతుని విధులు సజీవముగానున్న పీరుకు సంక్రమించును."

కృపారాణి తొంగి చూసింది. "మృతుడు కాదండీ. అది మెషీనండి."

"అయితే ఏం రాయమంటావు?"

"మృతమైనది అని రాయండి. నపుంసక లింగం."

వీర్రాజు పెన్ను కింద పెట్టి ఆమెను జాలిగా చూశాడు. "చూడు తల్లీ. అయ్యవార్లంతా పీర్లని పైన పేరాలోనే రాశాం. ఈ పేరాకొచ్చేసరికి వాళ్ళని నపుంసక లింగంలో రాస్తే నా ఉద్యోగం ఉంటుందా? మర్యాద ఉండాలి. మృతుడు అనే ఉంచుదాం."

ఉత్తర్వు ఉపకులపతి టేబుల్ మీదకి వెళ్ళింది. ఆయన తన ఆనవాయితీ ప్రకారం చదవకుండా సంతకం చేశారు.

ఏజెంట్లు నెలపాటు నేర్చుకున్నాయి. బాగా నేర్చుకున్నాయి.

కృపారాణి సర్టిఫికెట్ ఫైలు నెట్‌వర్కులోకి వెళ్ళిన రోజు ఆమె తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూసింది. వీర్రాజు ఏజెంటు, "తగు ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది" అని రాసి పైకి పంపింది. రిజిస్ట్రారు గజపతి గారి ఏజెంటు, "గత సూచనలు జతపరచి పునఃసమర్పించగలరు" అని కిందికి పంపింది. ఫైనాన్స్ ఆఫీసరు ఏజెంటు "చర్చించగలరు" అంది. ఎవరితో అన్నది చెప్పలేదు. అది మళ్ళీ వీర్రాజు ఏజెంటు దగ్గరికొచ్చింది. ఇదివరకు ఇలా ఒక చుట్టు తిరగడానికి ఫైలుకి ఏడాది పట్టేది. ఇప్పుడు కృపారాణి టీ తాగి వచ్చేలోగా కొన్ని వందల చుట్లు తిరిగేసింది. పనిలో వేగం పెరిగిందని ఉపకులపతి మరో విలేకరుల సమావేశం పెట్టారు.

అదే వారం ఆమెకి నంద్యాల నుంచి ఉత్తరం వచ్చింది. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. వచ్చే శుక్రవారంలోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్ పట్టుకొచ్చి చేరాలి. లేకపోతే వెయిటింగ్ లిస్టులో తరవాతి మనిషికి ఇచ్చేస్తారు. ఆ తరవాతి మనిషి అప్పటికే నంద్యాలలో లాడ్జీలో దిగి, రోజూ పొద్దున్నే వెళ్ళి ప్రిన్సిపాల్‌కి నమస్కారం పెట్టి వస్తున్నాడని తెలిసింది.

ఆమె ఆ ఉత్తరంతో గజపతి గారి గుమ్మం ముందు నిలబడింది.

"ఇప్పుడు అంతా ఏజెంట్ల చేతిలో ఉంది కదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "నేను మధ్యలో వేలు పెడితే వ్యవస్థ పాడైపోదూ?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ ఏజెంట్లు తమ అధికారుల నుంచి ఫైళ్ళు తిప్పడమే కాదు, పిలిస్తే పలక్కుండా ఉండడం కూడా నేర్చుకున్నాయి. ఒక ఏజెంటు మరోదాన్ని "ఉన్నారా?" అని పలకరిస్తే అది విననట్టు ఊరుకునేది. మరీ గట్టిగా అడిగితే భోజనానికి వెళ్ళినట్టు నటించేది. మొదట అవధాని గారు పోయారు, ఆ వెంటనే హాస్టల్ వార్డెను. తరవాత ఫైనాన్స్ ఆఫీసరు. తరవాత డీన్లు వరసగా రాలిపోయారు. రిజిస్ట్రారు ఆదివారం పోయారు. సోమవారం పొద్దున్న పెసరట్టు వేళకి ఉపకులపతి.

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఏజెంటు మాత్రం చావు కబురు అందగానే చేయాల్సిన పనుల్లో ఏనాడూ ఆలస్యం ఎరగని సెక్షనుది. పోతూ పోతూ అన్ని ఉత్తర్వులూ పంపేసి పోయింది. జీతాలు ఆగాయి. కుటుంబ పింఛన్లు మొదలయ్యాయి. జెండా సగం దాకా దిగింది.

మధ్యాహ్నం సంతాప సభ పెట్టారు. త్రివిక్రమరావు గారు ఆటోలో వచ్చి, పెద్ద పెద్ద అడుగులతో వేదిక ఎక్కారు.

"ఏం తమాషాగా ఉందా? ఆ ఉత్తర్వు ఇప్పుడే రద్దు చేస్తున్నా! కాగితం తీసుకురా!"

వీర్రాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రద్దు చెయ్యాలంటే తవరు సంతకం చెయ్యాలండి. తవరేమో లేరండి. లేనివారి సంతకం ఫోర్జరీ కింద వస్తుందని తవరే సర్క్యులర్ ఇచ్చారండి."

"నేను ఎదురుగా ఉన్నాను కదయ్యా!"

"ఉన్నారండి. అది నాకు తెలుసు. రికార్డుకి తెలియాలి కదండీ."

ఎవరో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచారు. ముప్పై ఏళ్ళ సర్వీసు అలవాటు కొద్దీ త్రివిక్రమరావు గారు కూడా తల వంచుకుని నిలబడ్డారు.

మౌనం అయ్యాక వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఉత్తర్వు ప్రకారం మృతుల విధులు బతికున్న పీరుకి సంక్రమిస్తాయి. వీర్రాజుతో సహా అందరూ పోగా, నెట్‌వర్కు మొత్తంలో బతికున్న పీరు ఒక్కటే తేలింది. అది పరీక్ష కోసం కలిపి ఉంచిన కృపారాణి ల్యాప్‌టాప్. దాని ఏజెంటు ఆమెను చూసి నేర్చుకుంది. ఎవరు ఎప్పుడు పిలిచినా "ఉన్నానండి సార్" అనడం పరిశోధక విద్యార్థికి ఊపిరి లాంటిది.

అలా కృపారాణి విశ్వవిద్యాలయానికి ఇన్‌ఛార్జి అయింది. సర్టిఫికెట్ మాత్రం రాలేదు. అభ్యర్థి తన సర్టిఫికెట్ మీద తానే సంతకం చేసుకోకూడదు. అది రిజిస్ట్రారే చేయాలి. రిజిస్ట్రారు పోయారు.

బుధవారం పొద్దున్న ఆమె గదికి మొదట వచ్చింది గైడు అవధాని గారు.

"నేను కూడా పోయానట కదమ్మా."

"అందరికంటే ముందు మీరే పోయారండి. నా మెయిల్‌కి మూడుసార్లు రిప్లై ఇవ్వలేదు."

"పెళ్ళిలో ఉన్నానమ్మా. సరే, ఇప్పుడు నన్ను బతికించే దారేదన్నా ఉందా?"

దారి వీర్రాజు చెప్పాడు. ఏటా నవంబరులో పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు. బతికున్న అధికారి ఎవరైనా చూసి సంతకం పెడితే చాలు. ప్రస్తుతం బతికున్న అధికారి కృపారాణి ఒక్కతే.

ఆమె అవధాని గారిని పైనుంచి కింద దాకా చూసింది. ఊపిరి ఆడుతోంది. "పై వ్యక్తి నా ఎదుట సజీవముగా ఉన్నారని ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టి స్టాంపు కొట్టింది.

అవధాని గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మొహంలోకి రంగొచ్చింది.

"అన్నట్టు కృపారాణీ, నీ నాలుగో చాప్టరు నాకంత తృప్తిగా లేదమ్మా. మళ్ళీ రాయి."

"థీసిస్ మీరు ఆమోదించి ఏడాదైందండీ!"

"అయితే మాత్రం? ఆ రిఫరెన్సులవీ ఒకసారి చూసుకో," అంటూ ఆయన వెళ్ళిపోయారు.

కృపారాణి స్టాంపు తీసి సొరుగులో పడేసింది. ఒక సంగతి ఆమెకి బోధపడింది. చనిపోయినవాళ్ళు సంతకం పెట్టలేరు. బతికినవాళ్ళు పెట్టరు.

గురువారం గజపతి గారు వచ్చారు. మనిషి చిక్కిపోయారు. ఇంట్లో భార్య కుటుంబ పింఛను వస్తుందన్న ధైర్యంతో ఆయన మాట లెక్క చేయడం మానేసిందట. బ్యాంకు వాళ్ళు ఖాతా ఆపేశారట.

"నా లైఫ్ సర్టిఫికెట్ రాయమ్మా. నీ సర్టిఫికెట్ మీద సంతకం నేను పెట్టేస్తాను."

"ముందు సంతకం పెట్టండి సార్. తరవాత రాస్తాను."

"నేను పోయానమ్మా. ఇప్పుడు పెడితే చెల్లదు."

"బతికాక పెట్టకపోతేనో?"

గజపతి గారు తన చేతులు చూసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు.

"నిజం చెప్పమంటావా? ప్రాణం వస్తే నాకు అలవాటు కూడా వస్తుందమ్మా. ఫైలు చూస్తే చాలు, పునఃసమర్పించగలరు అని నోటికొచ్చేస్తుంది. నా పెళ్ళి శుభలేఖ మీద కూడా అదే రాశాను. నన్ను నేనే నమ్మలేను."

కృపారాణి గడియారం చూసింది. నంద్యాల బస్సు సాయంత్రం ఉంది. లాడ్జీలో మనిషి ఈపాటికి బట్టలు ఇస్త్రీ చేయించి ఉంటాడు. థీసిస్ మూడో చాప్టరులో తను రాసిందే ఆమెకి గుర్తొచ్చింది. ఒక్కోసారి ఒక పీరు మొత్తం పనిచేయదు, దానిలో ఏదో ఒక సేవ మాత్రం నడుస్తుంటుంది. అప్పుడు ఆ మేరకే బతికున్నట్టు రాసుకోవాలి.

"సార్, మీ అలవాటు ఎక్కడుంటుంది? నోట్లోనా, చేతిలోనా?"

"నోట్లోనే అమ్మా. ముందు నోరంటుంది, తరవాత చెయ్యి రాస్తుంది. చెయ్యి పాపం అమాయకురాలు."

"అయితే కుడిచెయ్యి బల్ల మీద పెట్టండి."

ఆయన పెట్టారు. కృపారాణి నాడి చూసింది. కొట్టుకుంటోంది. కాగితం తీసుకుని మనస్సాక్షికి విరుద్ధం కాకుండా రాసింది: "రిజిస్ట్రారు శ్రీ గజపతి గారి కుడిచేయి, మణికట్టు నుండి వేళ్ళ వరకు, నా ఎదుట సజీవముగా ఉన్నదని ధ్రువీకరించడమైనది. మిగతా భాగము గురించి ప్రస్తుతము అభిప్రాయము లేదు."

వీర్రాజు ఆ కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు. తప్పు దొరకలేదు. పైగా ఈసారి నపుంసక లింగంలో రాయడానికి కూడా అభ్యంతరం కనబడలేదు. చెయ్యి కదా.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చి ఆ చెయ్యి కింద పెట్టారు. గజపతి గారి పెదవులు కదిలాయి. "పునః..." అనబోయారు. అవి రికార్డులో మృతమైన పెదవులు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చెయ్యి పెన్ను పట్టుకుంది. చక్కగా, తేదీతో సహా సంతకం చేసింది.

కృపారాణి కాగితాన్ని ఆరబెట్టి సంచిలో పెట్టుకుంది. తనకి న్యాయం జరిగింది కాబట్టి ఎదుటివాళ్ళకీ జరగాలనుకుంది. మళ్ళీ పెన్ను తీసింది.

"మిగతాది కూడా రాసేస్తాను సార్. చెవులు రాయనా?"

గజపతి గారు సరేననబోయి ఆలోచనలో పడ్డారు. "చెవులుంటే విద్యార్థి సంఘాల వాళ్ళు వస్తారమ్మా."

"నోరు?"

"అసెంబ్లీ ప్రశ్నలకి జవాబు చెప్పాలి."

"తల?"

"మీటింగులకి పిలుస్తారు."

"వెన్నెముక?"

"అది చేరినప్పట్నుంచీ లేదమ్మా. ఇప్పుడు కొత్తగా చూపిస్తే ఆడిట్ వాళ్ళు అడుగుతారు." ఆయన మొహం మెల్లగా విప్పారింది. "జీతం రిజిస్టరులో సంతకానికి చెయ్యి ఒక్కటీ చాలదూ?"

వీర్రాజు నియమావళి తిరగేసి, చాలుతుందన్నాడు.

గజపతి గారు కుడిచెయ్యి ఊపుకుంటూ బయటికెళ్ళారు. కబురు వరండా అంతా పాకింది. గంట తిరక్కుండా డీన్లు, వార్డెన్లు, ఫైనాన్స్ ఆఫీసరు వరసలో నిలబడ్డారు. అందరికీ కుడిచెయ్యే కావాలి. అంతకంటే ఎక్కువ ఎవరూ అడగలేదు. వరసలో నాలుగో వాడి దగ్గరికి వచ్చేసరికి అవధాని గారు మళ్ళీ ఆయాసపడుతూ వచ్చారు. తన పూర్తి సర్టిఫికెట్ వెనక్కిచ్చేసి చెయ్యి వరకు మార్చి ఇమ్మన్నారు. పొద్దుటినుంచీ విద్యార్థులు వచ్చి ప్రాణం తోడేస్తున్నారట.

చిట్టచివర ఉపకులపతి త్రివిక్రమరావు గారు వచ్చారు. కృపారాణి సంచి భుజాన వేసుకుని, నిలబడే కాగితం తీసింది. బస్సుకి ఇంకా కొద్ది సేపే ఉంది.

"కుడిచెయ్యేనా సార్?"

"కుడిచెయ్యి," అన్నారాయన. కాస్త సిగ్గుపడి, "మెడ కూడా రాయమ్మా. దండలవీ వేస్తుంటారు," అన్నారు.

ఆమె రాసింది. స్టాంపు కొట్టబోతూ ఆగింది.

"మెడ పైన ఏమన్నా రాయాలాండీ?"

త్రివిక్రమరావు గారు ఆ ప్రశ్నని అన్ని కోణాల్లోంచీ పరిశీలించారు.

"ఇన్నాళ్ళూ దాంతో పని పడలేదు కదమ్మా," అన్నారు. "వద్దులే."